ప్రభుదాసు మామ ఎత్తుకుపోయిన బూట్లు

మా ప్రభుదాసు మామ మనిషి ముఖం చూడడు, కాళ్లు చూస్తాడు. పలకరించినా, తిట్టినా, దీవించినా ఆయన చూపు పాదాల మీదే. ఫౌజులో హవల్దారుగా రిటైరై వనపర్తి పక్కనున్న మా ఊరికి వచ్చినప్పటి నుంచి ఇదే వరస. చర్చిలో ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకుంటే, ఆయన తెరిచి పెట్టుకుని కాళ్లు తనిఖీ చేస్తాడు. ఒకసారి పాస్టరుగారు ఆమెన్ అన్నారో లేదో, "అయ్యగారూ, మీ ఎడమ మడమ పగిలింది. జర కొబ్బరినూనె రాయుండ్రి" అన్నాడు.

పెండ్లిచూపులకు ఆయన్ని పిలవడం మావాళ్లు ఎప్పుడో మానేశారు. పిల్లగాడు ఎట్లున్నాడని అడిగితే, "తెల్వదు. బొటనవేలు మాత్రం గట్టిగుంది, పిల్లనియ్యుండ్రి" అనేవాడు.

అలాంటి మనిషి దగ్గరికి మా తమ్ముడు మహేందర్ ఫౌజు సంగతి అడుగుదామని బయల్దేరాడు. నేనూ వెంట వెళ్లాను. అగ్నివీర్ రాతపరీక్ష గట్టెక్కాడు, హైదరాబాదులో పరుగు మిగిలింది. ఇది పోతే మళ్లీ ఏటికి వయసు దాటిపోతుంది.

"చెప్పులు విడువు" అన్నాడు మామ.

"సలహాకొచ్చిన మామా."

"గందుకే విడువుమంటున్న."

వంగి అటూ ఇటూ చూసి నిట్టూర్చాడు. "నా సైజే. ఎందుకు పోతున్నవ్‌రా?"

"దేశసేవ జేద్దామని."

"అది ఆఫీసరు అడిగితే చెప్పు. నాకు నిజం చెప్పు."

"నౌకరీ లేదు మామా. అమ్మ ఇంకా కూలికి పోతున్నది."

"ఇది నయం. యూనిఫాం మీద మోజుతోని పోయినోనికి ఆ మోజు చలికి వారంల దిగుతది. మరి నాలుగేండ్లకు ఇంటికి పొమ్మంటే ఏం జేస్తవ్?"

వాడు బొటనవేలితో నేల గీకాడు.

"ముందు అది ఆలోచన జెయ్. అమ్మకు జరమొచ్చిన నాడు రానియ్యకపోవచ్చు, అదీ ఆలోచన జెయ్. చదువు ఆపకు. ఇయ్యేం ఆలోచన జెయ్యకుంట పోయేటట్లుంటే పోవద్దు. ఇగ చెప్పులు తొడుక్కో."

వాడు దిగులుగా ఇల్లు చేరాడు. మా అమ్మ విజయమ్మకు ఒళ్లు మండింది. "ఆయన ఫౌజు పింఛను తినబట్టె, నా కొడుకు మాత్రం పోవద్దా?"

పంతం కొద్దీ చిలకపచ్చ రంగు బూట్లు కొనుక్కొచ్చింది. ఆదివారం వాటికి పాస్టరుగారితో ప్రార్థన చేయించి, సిలువ పటం కింద పెట్టి, పరుగు రోజు దాకా ఎవరూ ముట్టొద్దని హుకుం వేసింది. దేవుడి ముందు పెట్టినదాన్ని పని పడిన రోజే తీయాలని మా ఇంట్లో ఆనవాయితీ.

మామ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "విజయమ్మా, ఇయ్యాల్టి సంది తొడగనియ్. కొత్తయి కరుస్తయ్."

"ప్రార్థన జేసినయ్ అన్నా. మన్నంటొద్దు."

"దేవుడు దీవిస్తడు గని బొబ్బలకు నేనున్న అనడు."

"వాడు పోవుడే నీకిష్టం లేదు. అది చెప్పు."

మామ ఆమె పగిలిన కాళ్లు చూసి వెళ్లిపోయాడు.

తెల్లారేసరికి పటం కింద బూట్లు లేవు. మామ ఇంటికి తాళం. ఫోను మూగబోయింది. కొల్లాపూర్ బస్సెక్కాడని ఎవరో చెప్పారు. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇష్టం లేకపోతే లేదనాలి గానీ, పిల్లవాడి బతుకు మీద పగబట్టి దొంగతనం చేస్తారా? అమ్మకు ముద్ద దిగలేదు. పాత బూట్లతో ఉరికి ఉరికి మహేందర్ వాటి అడుగు ఊడగొట్టుకున్నాడు. రోజులు గడిచాయి, మామ జాడ లేదు.

ప్రయాణం రోజు అమ్మా నేనూ వాణ్ని సాగనంపడానికి వెళ్లేసరికి వనపర్తి బస్టాండులో హైదరాబాద్ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది.

"ఒట్టి కాళ్లతోనే ఉరుకుతనక్కా" అన్నాడు మహేందర్.

అప్పుడే వచ్చిన కొల్లాపూర్ బస్సులోంచి ఒక మనిషి కుంటుతూ దిగాడు. జీవితంలో మొదటిసారి నేను ముఖం కంటే ముందు కాళ్లు చూశాను. లుంగీ కింద చిలకపచ్చ బూట్లు.

మామ బెంచీ మీద కూలబడి బూట్లు విప్పాడు. రెండు మడమలూ బొబ్బలెక్కి పచ్చిపుండ్లయి ఉన్నాయి.

"తొడుగు. ఇగ కరవవు. కరవాల్సినోన్ని కరిచినయ్."

"పోవద్దంటివి గద మామా."

"ఆలోచన జేసి పొమ్మన్న. కుంటుకుంట పొమ్మనలే. ఊళ్లె తొడిగితే మీ అమ్మ గుంజుకుంటది. గందుకే కొల్లాపూర్ కాడ సోమశిలల ఏటి ఒడ్డు పొంటి తిరిగిన."

"నాలుగేండ్ల సంగతి ఆలోచన జేసిన మామా. డిగ్రీ ఆపను."

"అయితే ఎక్కు."

వాడు బూట్లు తొడుక్కుని పరుగున బస్సెక్కాడు. అమ్మ మామ మడమలనే చూస్తూ నిలబడింది. "జర కొబ్బరినూనె రాయన్నా" అంది.

మహేందర్ పరుగులో గెలిచి ఫౌజులో చేరాడు. మొదటి సెలవుకు వచ్చినప్పుడు నేరుగా మామ ఇంటికి వెళ్లి, ముందు ఆయన కాళ్లు చూసి, సంచిలోంచి ఒక జత బూట్లు తీసి పెట్టాడు. మామ వాటిని నొక్కి చూశాడు.

"మెత్తగున్నయ్. పాతయా?"

"కొత్తయే మామా. నెల సంది నేను తొడిగిన. కరవవు."

మామ మెల్లగా తలెత్తాడు. ఆయన మా తమ్ముడి ముఖం చూడడం నాకు తెలిసి అదే మొదటిసారి.

"అరే, నీకు మీసాలెప్పుడొచ్చినయ్‌రా?" అన్నాడు.