మూల ముట్టించాకే

టేకు పొట్టు వాసన తగిలితే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది. ప్రొద్దుటూరులో తలుపుల మీద లతలూ నెమళ్లూ చెక్కే మిషను నడిపి బతికే మనిషి ఇలా అంటే నవ్వుతారు. నవ్వినా నిజమదే. ఆ భయం నాకు మస్తాన్ మామ పెట్టిపోయింది.

మామ వడ్రంగి. పాత ఇనుప పట్టీలు, మోటార్లు తెచ్చి ఆ మిషనును సొంతంగా కట్టుకున్నాడు. కంప్యూటరు పనికి నన్ను పెట్టుకున్నాడు. పని మొదలయ్యే ముందు, చెక్కను తొలిచే కట్టరు బిగించిన మిషను తల మెల్లగా బల్ల మీద ఒక మూలకు జరిగి, అక్కడి స్విచ్చిని తాకి టక్కుమనేది. తానెక్కడుందో దానికి అప్పుడే తెలుస్తుంది. మామ దాన్ని మూల ముట్టించడం అనేవాడు. టక్కుమనేదాకా ఇద్దరం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. తర్వాత చెక్క మీద పాత క్యాలెండరు కాగితం పరచి, కట్టరు దాన్ని అదిమేదాకా దించి, లోతు కొలత అక్కడినుంచి మొదలయ్యేలా సున్నా పెట్టేవాడు. బడిపిల్లల్లా ఈ చేతులు కట్టుకోవడమేమిటని లోలోపల విసుక్కునేదాన్ని.

ఒక మధ్యాహ్నం జమ్మలమడుగు వాళ్ల సింహద్వారం సగం చెక్కి ఉండగా కరెంటు పోయింది. వచ్చాక తెర మీద అన్నీ సున్నాలే. కరెంటు పోయొస్తే మిషను తానున్న చోటునే మూల అనుకుంటుందని మామ ఎన్నిసార్లు చెప్పాడో. సాయంత్రానికి తలుపు ఇచ్చెయ్యాలన్న తొందరలో, ముట్టించకుండానే మీట నొక్కాను. మామ అవతలి కొసన కుంచెతో పొట్టు ఊడుస్తున్నాడు. ఇవతలే ఆగాల్సిన కట్టరు ఆగకుండా ఆయన చేతి మీదికి పోయింది. మిషనును ఆపే ఎర్ర బొత్తాం ఎప్పుడు కొట్టానో తెలియదు. కట్టరు ఆయన చొక్కా చేతిని చుట్టుకుని ఆగింది. లోపల చెయ్యి ఎలా ఉందో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆయన చొక్కా చింపుకుని చెయ్యి బయటికి తీశాడు. ఐదు వేళ్లూ ఉన్నాయి. నేను కూలబడి ఏడ్చాను.

"ఏడవాకు పాపా. అదేం జేస్తాది, యాడుండాదో దానికే తెల్దు. తెలుసనుకునింది నువ్వు," అన్నాడు.

వేళ్లు ఒక్కొక్కటే ముడిచి, విప్పి చూసుకున్నాడు. "నీకూ భయమేసిందా మామా?" అని అడిగాను.

"శానా. ఇది కట్టిన కాడ్నించి రోజూ ఏస్తాంది. భయం ల్యాని పొద్దు దీన్ని ముట్టుకోవాకు."

మామ పోయి రెండేళ్లయింది. మిషను నాకే ఇచ్చి వెళ్లాడు. ఈ ఉదయం అది మూలదాకా పోయినా టక్కుమనలేదు. నేను వెంటనే ఆపాను. స్విచ్చిలో పొట్టు చేరింది, అంతే. నా కుడిచెయ్యి ఎర్ర బొత్తాం మీదే ఉంది. ఎడమచెయ్యి మాత్రం ఇంకా వీపు వెనకే పిడికిలి బిగించుకుని ఉంది.