విరగ్గొట్టిన పాలు

మా అత్తగారి లెక్కలో పాలు విరగ్గొట్టడం పాపం. వాటంతటవే విరిగిన పాలను పారబోయడం అంతకన్నా పాపం. ఈ రెండు పాపాల మధ్య సందులోంచి దూరి నేను ఆవిడకు నెల రోజులు బలం పట్టించాను.

అప్పట్లో గచ్చిబౌలిలో కిరాయికుండేవాళ్ళం. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ లేచిన కొత్త. నాకు అటువైపే కంప్యూటర్ ఉద్యోగం, మావారికి సర్కారు గుమాస్తాగిరీ. అత్తగారికి కడుపు ఆపరేషనయి, దుప్పటి కింద మనిషి ఉన్నారో లేదో తడిమి చూసుకోవలసినంతగా చిక్కిపోయారు. పలచగా తాగేవే ఇమ్మన్నారు డాక్టరు. అలాగని ప్రొటీను అందకపోతే కుట్లు మానవన్నారు. గుడ్డు అన్న మాట మా వంటింటి గడప తొక్కదు.

ఆఫీసులో ఒకాయన విదేశం నుంచి తెచ్చుకున్న ప్రొటీన్ పొడి డబ్బా ఇచ్చాడు. అత్తగారు వాసన చూసి, "దేని ఎముకలు నూరారో! నాకొద్దమ్మాయ్" అని మొహం తిప్పేసుకున్నారు. ఒళ్ళుమండి డబ్బా మీది చిన్న అక్షరాలన్నీ చదివాను. తీరా చూస్తే అది పాలు విరిచి గడ్డ తీసేశాక మిగిలే తేటేనట, ఎండబెట్టి పొడి చేశారట. ఓస్, ఇంతేనా అనుకున్నాను.

మర్నాడు పచ్చిపాలు కాచి, పొంగు రాగానే నిమ్మచెక్క పిండాను. తేట వడగట్టి, గోరువెచ్చగా పట్టుకెళ్ళాను.

"కాఫీ ఏదమ్మాయ్?"

"పాలు విరిగిపోయాయండీ అత్తయ్యగారూ. ఈ నీళ్ళు పారబోసెయ్యనా?"

"పారబోస్తావా? లక్ష్మి కాదూ! ఇలా తే."

ఉప్పూ జీలకర్రా వేసిస్తే చివరి చుక్క దాకా తాగారు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ తర్వాత దాదాపు రోజూ మా ఇంట్లో పాలు విరిగాయి. గడ్డలో పంచదార వేసుకుని నేనూ మావారూ తినేవాళ్ళం. ప్రొటీను ఎక్కువగా ఆ గడ్డలోనే ఉంటుందని చాలా ఏళ్ళకు తెలిసింది. అసలు బలం మేం తిని, ఆవిడకు నీళ్ళు పోశామన్నమాట. అయినా కుట్లు మానాయి, గొంతులో జీవం వచ్చింది. ఆ గొంతు మొదట చేసిన పని పాలావిడను తిట్టడం.

పాలావిడ తెల్లారేసరికి నల్లగండ్ల నుంచి క్యాన్లతో దిగేది. "ఏమ్మా, రోజూ విరిగే పాలేనా? క్యాన్లు కడగవా?" అని అత్తగారు మంచం మీంచే కేకేశారు. పాలావిడ కొలత పోశాక, ఎప్పుడూ వేసే నాలుగు చుక్కల కొసరుకు బదులు ఇంకో సగం గ్లాసు పోసింది.

"ఇరిగినందుకమ్మా," అంది నా మొహం చూడకుండా.

ఇక రోజూ అంతే. ఆ కొసరును కూడా నేను విరగ్గొట్టాను. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది.

చూడ్డానికొచ్చిన ఇరుగుపొరుగులందరికీ అత్తగారు ఈ పాల సంగతి చెబుతూనే ఉన్నారు. ఒక పొద్దున పాలావిడ ఉబ్బిన కళ్ళతో వచ్చింది.

"క్యాన్లు చింతపండేసి తోమిన. ఉడుకునీళ్ళతోని కడిగిన. బర్రెకు దిష్టి గూడ తీసిన. ఇగ నాకేం సమజైతలేదమ్మా. మీ పక్క రెండిండ్లోళ్ళు పాలు వద్దన్నరు. బర్రెను అమ్మేద్దామంటున్నడు మా ఇంటాయన."

"నీ పాలు ఒక్కరోజు కూడా విరగలేదు. నేనే నిమ్మకాయ పిండుతున్నాను," అన్నాను. ఎందుకో కూడా చెప్పాను.

"బలానికైతే నాకు చెప్పొద్దా? ఆఖరు ధార చిక్కటి పాలు వేరేగ తెద్దును గద! నా బర్రెనెందుకు బద్నాం జేసినవ్?"

ఇంతలో వెనక గోడ పట్టుకుని అత్తగారు వచ్చి నిలబడ్డారు. ఆపరేషనయ్యాక గుమ్మం దాకా రావడం అదే మొదలు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ నావైపు చూడనేలేదు.

"తప్పు మాదమ్మా. ఆ రెండిళ్ళకూ నేనే వెళ్ళి చెబుతాను," అన్నారు పాలావిడతో.

అన్నట్టే సాయంత్రం నా భుజం పట్టుకుని మెట్లు దిగారు. "పాలు మంచివేనండీ. మా కోడలే విరగ్గొట్టింది," అని రెండు గుమ్మాల్లోనూ చెప్పారు.

మర్నాడు పాలావిడ కొసరు కొసరంతే పోసింది. నేను పాలు పొయ్యి మీద పెట్టి డికాక్షన్ దింపుతుంటే అత్తగారు మెల్లగా వంటింట్లోకి వచ్చి పీట వాల్చుకున్నారు.

"నిమ్మకాయ ఏదీ?"

"వద్దండీ అత్తయ్యగారూ. బుద్ధొచ్చింది."

"పిల్లాపాపా కలగాల్సినదానివి. ఆ పాపం నీకెందుకు? ఇలా తే."

నేను నిమ్మకాయ కోయగానే చెక్క నా చేతిలోంచి లాక్కుని, పీట మీంచి లేచి, కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటూ పొంగే పాలలో తనే పిండారు. ఉన్నన్నాళ్ళూ ఆ పని మళ్ళీ నన్ను చెయ్యనివ్వలేదు.