సగం కత్తిరించిన మందార

నాకు ఈ రోజు వారపు సెలవు. తొలకరి పడింది కదా, మా పటాన్‌చెరు క్వార్టర్ ముందున్న మందారను కత్తిరిద్దామని పొద్దున్నే పక్కన ట్రాన్సిస్టర్ పెట్టుకుని పనిలోకి దిగాను. కణుపుకు కాస్త పైన, ఏటవాలుగా నాలుగు కొమ్మలు కోశానో లేదో, పక్కింటి రాజమణక్క గోడ మీంచి తొంగిచూసింది. రోజూ ఆమె పూజకు కోసుకునేవి మా చెట్టు పూలే.

"ఏంది తమ్మీ, మొగ్గలున్న చెట్టును గిట్ల గొరుగుతున్నవ్? రేపు శుక్కురారం, అమ్మవారికి ఏం పెట్టాలె?"

"ఇప్పుడు కొడ్తెనే కొత్త కొమ్మలొస్తయ్ అక్కా. శ్రావణానికి నీ బుట్ట నిండుతది."

"అందాక ఆకులు పెట్టాల్నా? నీ దిక్కున్నది నువ్వు కొట్టుకో. నా దిక్కు వంగినదాన్ని ముట్టకు."

నేను ముట్టలేదు. ఇప్పుడు మా మందార సగం గుండుతో మంగలి ముందు నుంచి లేచొచ్చినట్టుంది. షిఫ్టు దిగి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు గేటు ముందు ఆగి మరీ నవ్విపోయారు. నాకూ నవ్వే వచ్చింది. ఆ నవ్వులు విన్న రాజమణక్క గోడ మీంచి వేడి వేడి సర్వపిండి అందించింది.

శ్రావణంలో కొత్త పూలన్నీ నా వైపే పూస్తాయి. అప్పుడు అక్క చెయ్యి అందకపోతే కొమ్మను అటు వంచేది నేనేనని ఇప్పుడే తెలిసిపోతోంది. మీరూ చెప్పండి, మీరు నీళ్లు పోసే చెట్టు ఎవరింటి దేవుడి కోసం పూస్తోంది?