నేను ఎక్కని స్తంభం

నేను ఐటీఐలో మాస్టర్నయింది స్తంభం ఎక్కడానికి భయపడి. పిల్లల మీద ప్రేమ, విద్య మీద గౌరవం అన్నవి తర్వాత నేర్చుకున్న మాటలు. ఈ సంగతి చాలా కాలం ఎవరికీ చెప్పలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కరెంటు పని నేర్చుకుని, తెలకపల్లి దగ్గర మా ఊళ్లో కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాణ్ణి. పనిలో నాకు వంక పెట్టేవాడు లేడు. కానీ నేల వదిలితే నాకు భయం. నిచ్చెన మీద నాలుగో మెట్టుకే ఒళ్లంతా చెమట. చిన్నప్పుడు పడిందీ లేదు, ఎవరైనా పడగా చూసిందీ లేదు. ఈ దరిద్రపు భయం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

మా అన్నకు మాత్రం నన్ను లైన్‌మన్‌గా చూడాలని ఆశ. ట్రాన్స్‌ఫార్మర్ కాలి చేలో వేరుశనగ ఎండిపోతుంటే, లైన్‌మన్ ఇంటిముందు చేతులు కట్టుకుని నిలబడ్డ రైతు ఆయన. కొలువుకు పిలుపు రాగానే నాతోపాటు బయలుదేరాడు. ముఖ్యమైన పరీక్ష ఒక్కటే, స్తంభం ఎక్కి దిగడం.

నా వంతు వచ్చింది. సిమెంటు స్తంభాన్ని వాటేసుకుని మనిషెత్తు పాకాను. చూడకూడదనుకుంటూనే కిందికి చూశాను. ఇక ఎక్కలేను, దిగలేను. లాగు తడుస్తుందేమోనని అదొక భయం. చివరికి జారిపోయి నేలమీద పడ్డాను. అరచేతులు రెండూ గీరుకుపోయాయి.

గేటు బయట అన్న ఎదురొచ్చాడు. "ఏమాయె తమ్మీ?"

"చెమటకు చేయి జారింది అన్నా. ఇంకో జర అయితే కొస అందుకునేటోన్ని" అన్నాను.

అన్న నా అరచేతులు చూసి కళ్లు తుడుచుకున్నాడు. "పోనీ తియ్యి. మల్ల పిలుస్తరు గదా, అప్పుడు ఎక్కుదువు."

ఆ 'మల్ల' అన్న మాటకే నాకు గుండె జారింది. ఆ నెలలోనే ఇన్‌స్ట్రక్టర్ శిక్షణకు దరఖాస్తు పెట్టాను. ఐటీఐ పిల్లలకు పని నేర్పే మాస్టర్లను తయారుచేసే ఏడాది కోర్సు అది. అదృష్టం, సీటొచ్చింది. మొదటిరోజు ఒక్కొక్కరినీ లేపి, ఈ వృత్తి ఎందుకు ఎంచుకున్నారని అడిగారు. సెలవులు ఎక్కువని ఒకడన్నాడు. దీనికైతేనే ఇంట్లో పంపుతామన్నారని ఒకామె చెప్పింది. పాపం, నిజం చెప్పింది వాళ్లే. నేను 'సేవ' అన్నాను, చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

బోధన అభ్యాసానికి నన్ను వనపర్తి ఐటీఐకి పంపారు. చివరి పాఠానికి మార్కులు వేయడానికి మా శిక్షణ సార్ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. నాకు పడిన పాఠం, స్తంభం ఎక్కేటప్పుడు జాగ్రత్తలు. బోర్డు మీద బొమ్మలు గీసి దంచి చెప్పాను. సార్ లేచి, "బాగుంది. ఇప్పుడు బయట చేసి చూపించండి" అన్నాడు.

ఆవరణలో సాధన కోసం పాతిన, తీగలు లేని స్తంభం ఉంది. సేఫ్టీ బెల్టు తీసుకున్నాను. ఇక్కడ నా భయం బయటపడితే మాస్టరుగిరీ పోతుంది, మళ్లీ ఆ కొలువు పరీక్షే గతి. ఆ తర్వాత చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడతాను. ముందు నిలబడ్డ బక్కపలచటి విద్యార్థిని పిలిచాను. రోజూ శ్రీరంగాపూర్ నుంచి వచ్చేవాడు.

"నువ్వు ఎక్కు. నేను కిందికెల్లి చెప్త" అని బెల్టు వాడి నడుముకు కట్టాను.

వాడు సగం ఎక్కాక నాకు అనుమానం వచ్చింది. బకిల్ పూర్తిగా బిగించానా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. దిగమని అరవాలి. రెండుసార్లు నోరు తెరిచాను, పక్కనే సార్ ఉన్నాడని మూసుకున్నాను. వాడు పైకి చేరి, దిగి, నా ముందు నిలబడగానే బెల్టు పట్టి చూశాను. బకిల్ బిగించే ఉంది. విద్యార్థిని పాఠంలో చక్కగా భాగం చేశానని సార్ నాకు మంచి మార్కులు వేశాడు.

నాలుగైదేళ్లకు గద్వాల బస్టాండులో వాడే నన్ను గుర్తుపట్టాడు. లైన్‌మన్ అయ్యాడట. పట్టుబట్టి చాయ్ తాగించాడు.

"గంత మంచిగ చెప్తిరి. మీరెందుకు లైన్ల పనికి పోలే సార్?"

ఈసారి అబద్ధం నోటికి రాలేదు. "భయమైంది. అందుకే ఆ దినం నిన్ను ఎక్కించిన" అన్నాను. బకిల్ అనుమానం కూడా చెప్పేశాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు.

"నాకు గూడ మస్తు భయమైంది సార్. ఇప్పటికి గూడ ఎక్కినప్పుడల్ల కాళ్లు వణుకుతయి."

"మరెందుకు చేరినవ్?"

"మీ లెక్క మాస్టర్ అయితనని నేను గూడ దరఖాస్తు పెట్టిన సార్. మీకు సీటొచ్చింది, నాకు రాలే."

ఇంతలో వాడి సెల్లు మోగింది. ఎక్కడో తీగ తెగిందట. చాయ్ సగంలోనే వదిలేసి, "పోయొస్త సార్" అని లేచాడు.