పేజీలో నా చెయ్యి

మా అమ్మాయి పోయిందని ఇంకా కొందరికి తెలియదు. మొన్న అడవిపొలం ఊరి నుంచి వచ్చినావిడ "పిల్ల ఆఫీసుకెళ్లిందా?" అని అడిగింది. మా పిల్ల శనివారం జ్వరమంది, ఆదివారం కాకినాడ ఆస్పత్రిలో కన్ను మూసింది. అయిదో తరగతి చదువు నాది. తప్పులుంటే మన్నించండి.

తను యానాంలో ఒక చేపల కంపెనీలో కంప్యూటరు పని చేసేది. అన్నం తింటూ కూడా ఎడమచేత్తో ఏదో టైపు చేస్తూనే ఉండేది. ఏది ఏ చేపో కొనేవాళ్లు చూసుకోడానికి బొమ్మలతో పేజీలు తయారుచేసింది. ఆఫీసులో ఒక కంప్యూటరులో ఆ ప్రోగ్రాం నడుస్తుంటే మిగతావాటిలో పేజీలు తెరుచుకునేవి. కంప్యూటరు మార్చినప్పుడల్లా అక్కడివాళ్లు ప్రోగ్రాం ఒక్కటే తీసుకెళ్లి బొమ్మల ఫోల్డరు మరిచిపోయేవారు. చేపలుండాల్సిన చోట ఖాళీ గళ్లు. విసిగిపోయి పేజీల్నీ బొమ్మల్నీ ప్రోగ్రాంలోనే కలిపేసింది.

"మూట కట్టేశావన్నమాట," అన్నాను.

"మూటయితే విప్పి తీసేస్తారమ్మా. ఇది పిండిలో ఉప్పు కలిపినట్టు. మార్చాలంటే కొత్త పిండి మళ్లీ నేనే కలపాలి."

పండుగప్ప ఫోటో మా వాకిట్లోనే తీసింది. చేప నా చేతిలో ఉంది. పగిలిన వేళ్లు, గోళ్లలో పొలుసులు. తను పోయే ముందు శుక్రవారం క్యారేజీ ఇవ్వడానికి ఆఫీసుకెళ్లి అది చూసి సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రం తను ఇంటికి రాగానే తిట్టాను.

"పెద్దపెద్దోళ్లు చూస్తారే. నా చెయ్యి తీసెయ్."

"చేపకంటే నీ చెయ్యే బాగుందే అమ్మా."

"తీస్తావా, తియ్యవా?"

"సరేలే, సోమవారం తీస్తాను. మూతి ముడుచుకోకు."

సోమవారం పొద్దున్న తనని గోదారి ఒడ్డుకి తీసుకెళ్లాం.

పదిహేను రోజులకి తన సామాను తెచ్చుకోడానికి ఆఫీసుకెళ్లాను. పేజీలో నా చెయ్యి అలాగే ఉంది. మేనేజరు గారు తల దించుకున్నారు.

"శనివారం సెలవు కావాలని ఫోన్ చేసినప్పుడు, మీరు వద్దన్నారని తను చెప్పిందండి. కానీ తను రాసిందంతా తన కంప్యూటరులో ఉంది, పాస్‌వర్డు మాకెవరికీ తెలీదు. ఈ ప్రోగ్రాం నడుస్తుంది గానీ మార్చడం మావల్ల కాదు. కొత్తది చేయిస్తున్నాం పిన్నిగారూ. అందులో మీ చెయ్యి ఉండదులెండి."

"ఉంచండి బాబూ," అన్నాను. "వద్దన్నది నేనే. ఇప్పుడు ఉంచమంటున్నదీ నేనే."

"చూద్దామండి," అని ఆయన నాకు కుర్చీ జరిపారు.

దగ్గరగా కూర్చుని చూశాను. ఫోటో తీసిన రోజు ఎండ తన వెనకనుంచి పడింది. వంగినప్పుడు ముందుకు జారిన తన జడ నీడ నా మణికట్టు మీద పడి ఉంది.