పోతు పువ్వుల కోసం దివిసీమ దాకా

నేను చదివింది ఐదో తరగతి దాకానే. ఇప్పటిదాకా రాసిందల్లా ఐస్ పెట్టెల మీద పేర్లే. ఇలా ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించండి. కానీ ఈ ప్రయాణం సంగతి ఎవరికీ చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. మీ ఇంట్లో ఆకాకర తీగ ఉంటే ఈ దారి మీకూ పనికొస్తుంది.

మాది మంగినపూడి దగ్గర చేపలు పట్టే పల్లె. నేను గిలకలదిండి హార్బరులో వేలంపాటలో చేపలు పాడుకుని ఊళ్ళలో అమ్ముతాను. మా ఇంటి దడికి చిరిగిన వల కట్టి దాని మీదకి ఆకాకర పాకిస్తాం. ఆ దుంపలు మా అత్త పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి. కాయ నిమ్మకాయంత కూడా ఉండదు. ముల్లు మెత్తన, గింజ పంటికి తగలదు. బజారులో దొరికే లావు కాయని దీని పక్కన పెట్టలేం. పోయినేడు వానలకి నీళ్ళు నిలిచి దుంపలు చాలామటుకు కుళ్ళిపోయాయి. ఈ ఏడు రెండే మొలిచాయి.

ఆ రెండింట్లో ఒకదాన్ని నా చేత్తో నేనే పీకేశాను.

మా పల్లెలో ఆడవాళ్ళందరికీ ఒక అలవాటు ఉంది. తీగ పూయగానే పువ్వు వెనక్కి తిప్పి చూస్తాం. కింద చిన్న ముళ్ళ పిందె ఉంటే ఉంచుతాం. లేకపోతే గొడ్డు తీగ అని పీకేస్తాం. అప్పుడు మా అత్త కంటి ఆపరేషన్ చేయించుకుని నల్లద్దాలు పెట్టుకుని లోపల పడుకుని ఉంది. నల్లద్దాలు తీశాక దడి దగ్గరికొచ్చి, పసుపు తిరిగి రాలిపోయిన పిందెల్ని చూసింది.

"రెండోది ఏదే?"

"గొడ్డుది అత్తా. పీకేశా."

"గొడ్డుది కాదే, మగది! మొగుణ్ణి పీకి అవతల పారేసి పెళ్ళాన్ని కాయలు కాయమంటే ఎట్టా కాస్తుందే? ఏటా మీ కళ్ళబడకుండా దడి వెనకాల ఒకదాన్ని నేను దాచబట్టి ఊరంతా తిన్నారు!"

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మిగిలిన దుంప ముసలిది, సగం మెత్తబడింది. ఈ ఏడు కాయ పండి గింజ పడకపోతే ఈ రకం మా ఇంట్లో అయిపోయినట్టే. వేరే రకం పోతు పువ్వు పెడితే గింజ మారిపోతుందని అత్త ఒప్పుకోలేదు. గుడివాడలో ఉన్న ఆడపడుచుకి పెళ్ళప్పుడు ఇవే దుంపలు ఇచ్చి పంపిందంట. "పొద్దున్నే వెళ్ళి పువ్వులు పట్రా. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మనది విచ్చుకుంటుంది. ఈలోగా వచ్చెయ్" అంది.

మర్నాడు ఐదింటికి బయల్దేరాను. ఆడపడుచు ఇంటికి ఉత్త చేతుల్తో వెళ్ళలేం కదా, థర్మకోల్ పెట్టెలో ఐసు వేసి రెండు కేజీల రొయ్యలు సర్దాను. బందరు స్టేషన్‌కి ఆటో నలభై రూపాయలు. ఆరు దాటాక పాసింజరు కదిలింది. ఎదురు సీటాయన పేపరు మడిచి నావైపు చూశాడు.

"ఏమ్మా, ఆ పెట్టెకి టికెట్ తీశావా?"

"పెట్టెకి ఎందుకండీ?"

"వాసన ఒక సీటంతా కూర్చుంది మరి!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకో ఆ రోజు పొద్దున్నుంచే నాకు అన్నిటికీ నవ్వొస్తోంది.

ఏడున్నరకి గుడివాడలో దిగి వదిన ఇంటికి నడిచాను. వదిన రొయ్యలు చూసి మురిసిపోయింది. నేను పెరట్లోకి పరిగెత్తాను. పందిరి నిండా తీగలు, పువ్వులు ఇంకా విచ్చుకోలేదు కానీ మొగ్గలున్నాయి. ఒక్కొక్క మొగ్గా తిప్పి చూశాను. అన్నిటికీ కింద పిందే!

"వదినా, మగ తీగలేవి?"

"అవేంటి?"

"పిందె లేని తీగలు."

"ఆ గొడ్డువా? పోయిన వారమే పీకేశా" అంది వదిన, ఏదో ఘనకార్యం చేసినట్టు. నేను మెట్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాను. సంగతి తెలిశాక వదిన కూడా నెత్తి కొట్టుకుంటూ నవ్వింది. అప్పుడు తనకే గుర్తొచ్చింది, ఇదివరకు పక్కవాటాలో అద్దెకున్న రత్తయ్య గారికి ఒక దుంప ఇచ్చానని. ఇప్పుడాయన దివిసీమలో సొంత ఊళ్ళోనే వ్యవసాయం చేసుకుంటున్నారు. వదిన ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"నువ్విచ్చింది ఒట్టి గొడ్డు తీగమ్మా" అన్నారాయన. "మూడేళ్ళ నుంచి పూస్తానే ఉంది, ఒక్క కాయ లేదు. ఇవాళ తవ్వేద్దామని గడ్డపార తీసుకొచ్చా."

"తవ్వొద్దు బాబాయ్ గారూ!" ఇద్దరం ఒకేసారి అరిచాం. పాలు పోయడానికి వచ్చిన మనిషి గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

ఇడ్లీ రెండు ముక్కలు నోట్లో వేసుకుని, పెట్టెలో కొత్త ఐసు వేయించుకుని తొమ్మిదింటికి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్ ఇచ్చాడు. పామర్రు దాటి కూచిపూడిలో గజ్జెల సంచులతో ముగ్గురు ఆడపిల్లలు ఎక్కారు. బస్సు గుంటలో పడ్డప్పుడల్లా సంచులు మోగుతున్నాయి. నా పక్కన కూర్చున్న పిల్ల ఎక్కడికి వెళ్తున్నారని అడిగింది.

"పువ్వుల కోసం."

"పూజకా అండీ?"

"పెళ్ళికి" అన్నాను. అబద్ధం కాదుగా!

చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ దగ్గర నది. నీళ్ళు నిండుగా ఉన్నాయి. పదకొండున్నరకి అవనిగడ్డ. అక్కడి నుంచి షేర్ ఆటోలో ముప్పై రూపాయలు. దిగేసరికి రత్తయ్య గారు పెరట్లో గడ్డపార పక్కన పెట్టుకుని తీగ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అరవై దాటిన మనిషి.

తీగ మునగచెట్టు పైదాకా పాకింది. మొగ్గలు తిప్పాను. ఒక్కదానికీ పిందె లేదు. అన్నీ పోతులే! నేను ఆ చెట్టు కింద చప్పట్లు కొట్టాను. జీవితంలో కాయ లేని తీగని చూసి అంత సంబరపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

మగ తీగ సంగతి విని రత్తయ్య గారు భార్య వైపు తిరిగారు. "చూశావా? మూడేళ్ళు నేను తిట్టింది మగాణ్ణే."

"అందుకే నేను తవ్వనివ్వలేదు" అన్నారావిడ.

"నీకేం తెలుసు? సాయంత్రం వాసన బాగుంటుందనేగా వద్దన్నావు!"

"ఏదోటి. వద్దన్నానా లేదా?"

భోజనం పెట్టకుండా కదలనివ్వలేదు. దోసకాయ పప్పు, వడియాలు, గడ్డ పెరుగు. మేం మగపెళ్ళివారం కాబట్టి అసలు మీరే మాకు పెట్టాలి అని రత్తయ్య గారు వేళాకోళం. తర్వాత ఆవిడ మొగ్గలు ఏరారు. ఏ మొగ్గ ఏ రోజు విచ్చుకుంటుందో మూడేళ్ళు చూసి చూసి ఆవిడకి కంఠతా వచ్చు. కొన పసుపు తిరిగినవైతే ఇవాళ్టివి, పచ్చగా ఉంటే రేపటివి. ఇవాళ్టివి పన్నెండు దొరికాయి. తడిగుడ్డలో చుట్టి, అరిటాకులో పెట్టి, పెట్టెలో ఐసు పైన ఉంచారు. తీగ పక్కన వచ్చిన చిన్న దుంపని కూడా ఆకులతో సహా తవ్వి గోనెసంచిలో కట్టి ఇచ్చారు.

"మావాడు రొయ్యల కంపు కొడుతున్నాడమ్మా" అన్నారు రత్తయ్య గారు.

"మా ఇంటికి వచ్చే అల్లుడు ఇంకెట్టా ఉంటాడు బాబాయ్ గారూ" అన్నాను.

మూడు ముప్పావుకి అవనిగడ్డలో బందరు బస్సు దొరికింది. పెట్టె ఒళ్ళో, సంచి కాళ్ళ దగ్గర. కండక్టరు లోపలేముందన్నాడు. పెళ్ళికొడుకు అన్నాను. ఇంక బస్సంతా చుట్టాలైపోయింది. వెనక సీటు పెద్దావిడ ముహూర్తం ఎన్నింటికని అడిగింది. సాయంత్రం ఆరున్నర అన్నాను. "అయితే తొందరగా పోనీ నాయనా" అని ఆవిడ డ్రైవరుని కేకేసింది.

చల్లపల్లి ఇంకా రాకముందే పోలీసులు బస్సు ఆపారు. గంజాయి కోసం తనిఖీ. నా కాళ్ళ దగ్గర గోనెసంచిలోంచి ఆకులు బయటికొచ్చి ఉన్నాయి. పెట్టె చుట్టూ టేపు వేసి ఉంది. కుర్ర కానిస్టేబుల్ నన్ను దిగమన్నాడు. నవ్వంతా ఎగిరిపోయింది. టైము నాలుగున్నర. పెట్టె మూత తీస్తే ఐసు సగం నీళ్ళైపోయింది.

"ఏంటివి?"

"పోతు పువ్వులండీ."

"సరిగ్గా చెప్పు."

చెప్పాను. పీకిన దగ్గర్నుంచి గడ్డపార దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. బస్సులోంచి పెద్దావిడ కూడా కిటికీలో తల పెట్టి చెప్తోంది. హెడ్ కానిస్టేబుల్ గారు వచ్చి ఆకు చూసి, మొగ్గ తిప్పి చూశారు.

"ఆకాకరే. ఎక్కించు" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "గంజాయి మొక్కల్లోనూ ఆడామగా ఉంటాయమ్మా. పండించే వాళ్ళు మగవాటిని ఏరి ఏరి పీకేస్తారు, గింజ పట్టకూడదని. వాళ్ళు కావాలని పీకుతారు. మీరు కాయలు కావాలని పీకారు!"

ఆయన నవ్వుతుంటే నాకు మళ్ళీ నవ్వు తిరిగొచ్చింది. కానీ ఇరవై ఐదు నిమిషాలు పోయాయి.

బందరులో దిగేసరికి ఆరు కావస్తోంది. బేరం ఆడకుండా ఆటో ఎక్కాను. ఇల్లు చేరేసరికి ఆరు ముప్పావు. అత్త దడి దగ్గర టార్చిలైటు పట్టుకుని నిలబడి ఉంది. "విచ్చుకుంటున్నాయే, రా!" అని అరుస్తోంది.

మూత తీశాను. పన్నెండింట్లో ఐదు ఐసుకి తగిలి నల్లబడ్డాయి. మిగతా ఏడూ విచ్చుకున్నాయి. రెక్కలు తుంచేసి, మధ్యలో ఉన్న పసుపు పొడిని ఆడ పువ్వు నడుమ మెల్లగా రుద్దాలి. మా తీగకి ఆ రోజు పూసినవి నాలుగే. అత్త వెలుగు పట్టింది, నేను రుద్దాను. తొందరలో మొదటి పువ్వు కొంచెం చిరిగింది. గోనెసంచిలో దుంపని వల పక్కనే పాతి నీళ్ళు పోశాం.

రుద్దని పిందె మూడో రోజుకల్లా పసుపు తిరుగుతుంది. నాలుగో రోజు పొద్దున దడి వైపు చూసే ధైర్యం లేక చీకట్లోనే హార్బరుకి వెళ్ళిపోయాను. పాట మధ్యలో ఫోన్ మోగింది. అత్త.

"మూడు పచ్చగా ఉన్నాయే! లావెక్కాయి!"

నేను అక్కడే గెంతాను. కాళ్ళ కింద చేపల నీళ్ళు అందరి మీదా చిమ్మాయి. ఏమైందే, ఏమైందే అని మా పల్లె ఆడవాళ్ళు చుట్టూ చేరారు. చెప్పేసరికి ఎవ్వరూ నమ్మలేదు. పాట అయ్యాక తట్టలతోనే నలుగురు మా దడి దగ్గరికి వచ్చారు. నిలిచిన పిందెల్ని ముట్టుకోనివ్వలేదు. వాటిని కోసేది లేదు, కూర వండేది లేదు. పండి, పగిలి, గింజ పడాలి.

అప్పటికి కొత్త దుంప తీగ వాడకుండా నిలబడి కొత్తాకు వేసింది. "ఇది పూసినప్పుడు తిప్పి చూడండి" అని చెప్పాను. "కింద ఏమీ ఉండదు. చూసి, చెయ్యి వెనక్కి తీసుకోండి."