ఒంటరి కోడిపిల్ల, తలుపు అవతల అవ్వ

నా చిన్నప్పుడు ఖాజాగూడలో మా ఇంటి వెనకంతా బండలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు ఉండేవి. ఇప్పుడు మా అమ్మాయి పనిచేసే అద్దాల మేడ ఆ పక్కనే ఎక్కడో ఉంది కానీ, మా వాకిలి ఎక్కడుండేదో నేను పోల్చుకోలేను. నన్ను కని మా అమ్మ పోయింది. నాన్న బాలానగర్‌లో ఫ్యాక్టరీ పని చేస్తూ వారానికోసారి వచ్చేవాడు. నన్ను పెంచింది మా నాయనమ్మ. అవ్వా అని పిలిచేదాన్ని. అవ్వ కలిపి పెడితేనే తినేదాన్ని, అవ్వ పక్కనైతేనే పడుకునేదాన్ని. అదే వాకిలికి అవతలి వైపు ఇంట్లో చిన్నాయన, చిన్నమ్మ, నాకన్నా చిన్నవాళ్ళైన వాళ్ళ పిల్లలు ఉండేవాళ్ళు. ఆ పిల్లలు ఆటకు పిలిస్తే అవ్వ కొంగు చాటుకు పోయేదాన్ని. ఎవరెంత బతిమాలినా కదిలేదాన్ని కాదు.

ఆ ఏడు కొక్కెర తెగులు తగిలి మా కోళ్ళన్నీ చచ్చిపోయి ఒక్క పిల్ల మిగిలింది. అవ్వ దాన్ని తెచ్చి నా ఒళ్ళో వేసి, "తల్లి లేనిది బిడ్డా, నువ్వే సాదుకో" అంది.

ఇక నాకు వేరే లోకం లేదు. నూకలు పెట్టేదాన్ని, పుట్టలు తవ్వి చెదలు తెచ్చేదాన్ని. నేను నడిస్తే అది కాళ్ళ వెంట వచ్చేది, కూర్చుంటే లంగా కుచ్చిళ్ళలో దూరేది. ఈకలు కూడా సరిగ్గా రాని ఆ బక్కదాన్ని నేను అందగత్తె అంటుంటే, కాకిపిల్ల కాకికి ముద్దని అవ్వ నవ్వేది. నవ్వు మధ్యలో దగ్గు వచ్చేది. నేను ఆ దగ్గును లెక్కచేయలేదు. చిన్నపిల్లలకు పెద్దవాళ్ళ దగ్గు కూడా ఇంట్లో రోజూ వినే చప్పుళ్ళలో ఒకటి.

కొన్నాళ్ళకు పక్కింటివాళ్ళ పెట్టను కుక్క పట్టుకుపోయింది. దాని పసి కోడిపిల్లలను అవ్వ కొంగులో వేసుకొచ్చింది. నా కోడిపిల్లను వాటి మధ్య వదలమంది. వదిలితే అది ఒకదాని నెత్తిన పొడిచి, పరుగున వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. మళ్ళీ వదిలినా అంతే. దానికి నేను తప్ప ఎవరూ వద్దని నాకు లోలోపల ఎంత సంతోషమో.

అవ్వ నా మొహం చూసి పసిగట్టింది. "నువ్వు ఎదురుంగ ఉన్నంతసేపు అది వాటి దిక్కు సూడదు. లోపలికి పో. ఎంత ఒర్లినా బయటికి రాకు" అంది.

దీపాలు పెట్టే వేళకు అన్నిటినీ కలిపి గంప కింద మూసింది. నేను తలుపు వెనక నిలబడ్డాను. నా కోడిపిల్ల గొంతు చించుకుని అరిచింది. అది నన్నే పిలుస్తోంది. చెవులు మూసుకున్నా వినిపించింది. ఉండబట్టలేక తలుపు తీయబోతే, గంప దగ్గర కూర్చున్న అవ్వ వద్దన్నట్టు చెయ్యెత్తింది. చాలాసేపటికి అరుపు ఆగింది. అవ్వ నన్ను పిలిచి గంప కొంచెం ఎత్తి చూపించింది. చలికి పసిపిల్లలన్నీ దాని పొట్ట కిందికి దూరాయి. అది కళ్ళు మూసుకుని వాటి మీద వాలి ఉంది. నాకు ఏడుపొచ్చింది. అవ్వ దగ్గరికి తీసుకుని, "దాన్ని ఇడిసిపెట్టలే బిడ్డా, తోడు జేసినం. ఎల్లకాలం నువ్వు ఉంటవా దానికి" అంది.

ఆ తర్వాత ఎంతో కాలం గడవలేదు. ఒక సాయంత్రం అవ్వ నన్ను చిన్నమ్మ వాళ్ళింట్లో పడుకోమని పంపి, బయటి నుంచి తలుపు దగ్గరికి వేసింది. గొంతు పోయేదాకా అవ్వా అని ఏడ్చాను. రాలేదు. అలిసిపోయి పడుకుంటే, చిన్నమ్మ చిన్నకూతురు నా జడ పట్టుకుని నిద్రపోయింది. తెల్లారాక అవ్వ ఏమీ జరగనట్టే తల దువ్వి అన్నం పెట్టింది. పొద్దుగూకగానే మళ్ళీ అవతలికి పంపింది. అవ్వకు నా మీద ప్రేమ పోయిందనుకున్నాను. ఆమె పక్కన మళ్ళీ ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. కొన్నాళ్ళకే అవ్వను దవాఖానకు తీసుకుపోయారు, ఇంటికి ప్రాణంతో తేలేదు.

కొన్నేళ్ళకు చిన్నమ్మ చెప్పింది. తన రోగం సంగతి అవ్వకు ముందే తెలుసట. ఆ మొదటి సాయంత్రం నేను ఏడుస్తున్నంతసేపూ అవ్వ ఆ తలుపు అవతలే, గడప మీద, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుందట. అది విన్న రోజు నేను ఏడ్చిన ఏడుపు, అవ్వ పోయిన రోజు కూడా ఏడవలేదు. తలుపు వెనక నిలబడి వినడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. నేను విన్నది కోడిపిల్ల అరుపు. ఆమె విన్నది నన్ను.

ఇప్పుడు మణికొండలో మా మనవణ్ణి ప్లేస్కూల్లో దించే పని నాదే. వాడు అమ్మమ్మా అని గేటు పట్టుకుని ఏడుస్తాడు. టీచరమ్మాయి, "మీరెళ్ళండి ఆంటీ, ఆపేస్తాడు" అంటుంది. నేను గోడ చాటుకు వెళ్తాను గానీ ఇంటికి వెళ్ళను. ఏడుపు ఆగి, పిల్లల మాటల్లో వాడి గొంతు కలిసేదాకా అక్కడే నిలబడతాను. వాడికి వినిపించకుండా కొంగు నోట్లో కుక్కుకుంటాను.